విప్పి చూసినవాడు: జి.డి. నాయుడు

ఈ మే సెలవుల్లో మా వెంకటాచలంలో ఎండ 42 డిగ్రీలు. మా కారు మాత్రం తన ఇంజన్ మైనస్ 40 డిగ్రీల చలిలో ఉందని గట్టిగా నమ్ముతోంది. జోక్ కాదు. స్కానర్ పెడితే ఫోన్‌లో అదే నంబర్ కనిపించింది.

మాది పాత పెట్రోల్ కారు. నాన్న ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులు కౌలుకి చేస్తారు. తెల్లవారుజామున మేత టైంకి చెరువు గట్టు మీద ఉండాలి కాబట్టి, ఆ కారు లేకపోతే మా ఇంట్లో పని ఆగిపోతుంది. అలాంటి కారుకి పసుపు రంగు చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి ఫ్యాన్ ఆగట్లేదు. వెనక పెట్రోల్ వాసన, మైలేజ్ సగానికి సగం. షెడ్‌కి ఇస్తే రెండ్రోజులు బండి ఉండదని నాన్న వాయిదా వేస్తున్నారు. సీఎస్ఈ చదువుతున్న కొడుకుని ఇంట్లో పెట్టుకుని షెడ్ ఎందుకని నేను రంగంలోకి దిగా.

స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌లో చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టా. పీ0118 అని కోడ్ వచ్చింది. నెట్‌లో వెతికితే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అన్నారు. కొత్తది ఆర్డర్ పెట్టా. వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేసి, కనెక్టర్ ఊడదీసి, పాత సెన్సర్ విప్పి కొత్తది బిగించా. కారిన కూలెంట్ మళ్ళీ నింపా. కోడ్ క్లియర్ చేసి స్టార్ట్ చేశా. రెండు నిమిషాల్లో లైట్ మళ్ళీ వెలిగింది. మళ్ళీ మైనస్ 40.

డబ్బులు పోయాయి, ఇంట్లో పరువూ పోయింది. వేప చెట్టు కింద మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మా తాత ఒక్కటే అడిగారు. ఆ పాతది పాడైందని నీకెట్టా తెలిసిందిరా అని. కోడ్ చెప్పిందన్నా. విప్పి చూశావా, పరీక్ష పెట్టావా అన్నారు. లేదన్నా. అప్పుడాయన ఒక పేరు చెప్పారు, జి.డి. నాయుడు అని. నెల్లూరులో ఎవరో మెకానిక్ అనుకున్నా. కాదు, కోయంబత్తూరు ఆయన అన్నారు. మా పొలంలో బావి మీద మొదట పెట్టిన మోటారు కోయంబత్తూరుదట. దాన్ని బాగు చేయడానికి వచ్చే మెకానిక్ దగ్గర తాత ఈ కథలు విన్నారు. ఆ సాయంత్రం ఫోన్ పట్టుకుని నేను చదవడం మొదలుపెడితే అర్ధరాత్రి దాటింది. మన క్లబ్‌లో చాలామందికి ఆయన తెలిసి ఉండరనిపించి రాస్తున్నా.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. విజయనగర రాజుల కాలం నుంచి కొంగునాడుకి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ వైపు చాలా ఉన్నాయి. కాబట్టి ఆయన తమిళనాడుకి ఎంత సొంతమో మనకీ కొంచెం సొంతమే.

చిన్న దొరస్వామికి బడి అంటే పడేది కాదు. పంతుళ్ళ మీద ఇసుక చల్లి పారిపోయేవాడని చెప్తారు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. పొలం పనుల్లో పడ్డాడు. మన బంధువుల్లో ఇలాంటి పిల్లాడు ఉంటే ఏమంటామో అందరికీ తెలుసు. వీడు బాగుపడడు అంటాం.

ఆ కుర్రాడు ఒకరోజు ఒక తెల్లదొర మోటార్ సైకిల్ మీద రావడం చూశాడు. ఎద్దుల బండి, గుర్రబ్బండి తప్ప చూడని ఊళ్ళో, దేనితోనూ లాగించుకోకుండా తనంతట తను పరిగెత్తే బండి. అది ఇంగ్లండ్‌లో తయారైన రడ్జ్ బండి. అప్పట్నుంచి దాని మీదే ధ్యాస. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. మనం మాట్లాడుకునే సర్వర్ కాదు, టేబుల్ దగ్గరికి టిఫిన్ తెచ్చిచ్చే సర్వర్. అలా పని చేసి, డబ్బు కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నాడు.

కొన్నవాడు మొదట ఏం చేయాలి? ఊరంతా తిరగాలి. ఈయన బండిని ముక్క ముక్కలుగా విప్పేశాడు. మళ్ళీ బిగించాడు. ఇంజన్ ఎట్లా పని చేస్తుందో అలా నేర్చుకున్నాడు. తర్వాత మెకానిక్ అయ్యాడు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయా. ఆయన చేతిలో యూట్యూబ్ లేదు, ఫోరం లేదు. పొరపాటున ఏదైనా విరిగితే తెచ్చుకోవడానికి పక్క వీధిలో స్పేర్ పార్ట్స్ షాపు లేదు. ఏళ్ళ తరబడి టిఫిన్లు మోసి సంపాదించిన డబ్బు మొత్తం ఆ నట్లూ బోల్టుల రూపంలో ఎదురుగా పరిచి ఉంది. ఆ బండికి సెన్సర్లూ లేవు. వేడి చేత్తో చూడాలి, పెట్రోల్ ఎక్కువైందో తక్కువైందో వాసనతో, పొగతో తెలియాలి, నిప్పురవ్వ సరైన టైంకి పడుతుందో లేదో చెవితో వినాలి. ఇవాళ కారులో పది సెన్సర్లు చేసే పని అప్పట్లో ఒక మనిషి ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చేయాలి. నేనైతే కోడ్ చూసి పార్ట్ ఆర్డర్ చేశా.

ఆయన కథ అక్కడ్నుంచి నేరుగా పైకి వెళ్ళలేదు. పత్తి వ్యాపారం చేశారు. బొంబాయి దాకా వెళ్ళి, అక్కడి పెద్ద వ్యాపారుల ముందు నిలవలేక డబ్బు పోగొట్టుకుని ఇంటికొచ్చారు. అప్పుడు కోయంబత్తూరులో మిల్లులూ వ్యాపారాలూ నడిపే సర్ రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీష్ ఆయన అప్పిచ్చి ఆదుకున్నారు. ఆ సాయంతో నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. 1920లో పొల్లాచి నుంచి పళనికి ఆ బస్సు తిరగడం మొదలైంది. డ్రైవర్ ఆయనే, మెకానిక్ ఆయనే.

ఆ ఒక్క బస్సే కొన్నేళ్ళలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద కంపెనీ అయింది. అందరూ యూఎంఎస్ అనేవాళ్ళు. టైం అంటే టైం అని దానికి పేరు. బస్సులు పెరిగేకొద్దీ ప్రతి ఇంజన్ దగ్గరా ఆయన చెవి పెట్టి వినలేరు కదా. ఆయన తయారుచేసిన పరికరాల జాబితాల్లో టికెట్లు ఇచ్చే యంత్రంతో పాటు, ఇంజన్ అదురుని పరీక్షించే పరికరం కూడా కనిపిస్తుంది. అంటే తన చెయ్యీ చెవీ చేసే పనిని ఒక పరికరానికి అప్పగించారన్నమాట. సెన్సర్ అంటే అదే కదా. తేడా ఒక్కటే. ముందు చేత్తో పట్టుకుని తెలుసుకుని, ఆ తర్వాత దాన్ని యంత్రంలో పెట్టారాయన. మనం యంత్రం చెప్పిందాంతో మొదలుపెడుతున్నాం.

1930ల్లో ఆయన యూరప్ తిరిగారు. పని కోసం వెళ్ళినా చేతిలో కెమెరా ఉండేది. 1936 జనవరిలో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియల్ని స్వయంగా ఫిల్మ్ తీశారు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ కూడా ఆయన కెమెరాకి చిక్కారు. డ్రై సెల్స్‌తో తిరిగే చిన్న మోటారు పెట్టి గడ్డం గీసుకునే ఎలక్ట్రిక్ రేజర్ తయారు చేశారు. దాని పేరు రసంత్, జర్మనీలో తయారై అమ్ముడుపోయింది. ఇంకా పల్చటి బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, దొంగ ఓట్లు పడకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం. మన దేశంలో ఎన్నికల్లో ఈవీఎం మొదటిసారి వాడింది 1982లో, కేరళలోని పరవూరులో. ఆ విషయం మీద ఈయన ఎంత ముందు ఆలోచించారో చూడండి. అలాంటి మనిషి ఎన్నికల్లో నిలబడితే మాత్రం ఓడిపోయారు.

1937లో జరిగిన పని మా తాత బావి దాకా వచ్చింది. కోయంబత్తూరు పీలమేడులో నాయుడు గారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో, డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పే మోటారు చేశారు. అప్పటిదాకా మోటారంటే సముద్రం దాటి రావాలి. ఆ తర్వాత కోయంబత్తూరు మోటార్లకీ పంపులకీ దేశంలోనే పెద్ద కేంద్రం అయింది. మన నెల్లూరు జిల్లాలో పొలం మోటారు కొనేటప్పుడు కోయంబత్తూరు సరుకేనా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిప్పేదీ మోటార్లే. నాన్న పనికీ ఆయన పనికీ ఇంత దగ్గర సంబంధం ఉందని నాకు పంతొమ్మిదేళ్ళ దాకా తెలియదు.

1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకి ఇక్కడే తయారు చేయగలనని ప్రకటించారు. ఇంజన్లతోనే ఆగలేదు. పొలంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి రకాల మీద ప్రయోగాలు చేశారు. ఆయన తోట చూడటానికి సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య లాంటివాళ్ళు వచ్చారు. ఒకాయన నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త, ఇంకొకాయన దేశంలోకెల్లా పేరున్న ఇంజనీర్. వాళ్ళు చూడటానికి వచ్చింది బడి మానేసిన ఒక రైతు కొడుకుని.

ఇప్పుడు మనకి, అంటే బీటెక్ వాళ్ళకి, నేరుగా తగిలే ఘట్టం. 1945లో నాయుడు గారు ఇచ్చిన విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. అవినాశి రోడ్డు మీద హోప్స్ కాలేజీ అనే స్టాప్ ఇప్పటికీ ఉంది. ఆ ఇంజనీరింగ్ కాలేజీయే తర్వాత వేరే చోటికి మారి ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. మొదట్లో దానికి ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? డిగ్రీ కాదు కదా, బడి చదువు కూడా పూర్తి చేయని నాయుడు గారే.

అక్కడే ఆయనకీ ప్రభుత్వానికీ పడలేదు. ఇంజనీర్ తయారవడానికి నాలుగేళ్ళు అక్కర్లేదు, రెండేళ్ళు చాలు, మిగతాది టైం వేస్ట్ అని ఆయన వాదన. కుర్రాళ్ళ చేత పని చేయిస్తే త్వరగా నేర్చుకుంటారని ఆయన నమ్మకం. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు. తన డబ్బుతో మొదలైన కాలేజీని, తన మాట చెల్లలేదని వదిలేసి వెళ్ళడం చిన్న విషయం కాదు. మొండితనం అనుకున్నా, పట్టుదల అనుకున్నా, రెండిటికీ ఆ మనిషిలో చోటుంది.

ఆ తర్వాత వచ్చిన దెబ్బ ఇంకా పెద్దది. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారు చేశారు. ధర 2,000 రూపాయలు. కానీ అప్పటికి 1951 పరిశ్రమల చట్టం వచ్చేసింది. ఇలాంటి పరిశ్రమ పెట్టాలంటే కేంద్రం లైసెన్సు ఇవ్వాలి. ప్రభుత్వం ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. మామూలు కుటుంబం కొనుక్కోగలిగే చిన్న కారు అని మనం చెప్పుకునే మారుతీ 800 రోడ్డెక్కింది 1983 చివర్లో. ముప్ఫై ఏళ్ళ తేడా. ఆ కారు ఫ్యాక్టరీ దాకా వెళ్ళి ఉంటే బాగా నడిచేదో, మధ్యలో మూలబడేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ విషయం రోడ్డు మీద తేలాలి, ఫైల్లో కాదు.

1974 జనవరి 4న, ఎనభై ఏళ్ళు నిండాక, నాయుడు గారు కన్నుమూశారు. భారతదేశపు ఎడిసన్ అని ఆయన్ని పిలుస్తారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ఆయన పేరుతో మ్యూజియం ఉంది. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇక మా కారు సంగతి. మర్నాడు పొద్దున వంటింట్లో గిన్నెలో నీళ్ళు మరగబెట్టా. అమ్మ ఎందుకని అడిగితే సెన్సర్ ఉడకబెడుతున్నా అన్నా. ఈ సెన్సర్ లోపల ఉండేది చిన్న థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. అంతే, అందులో ఇంకేం లేదు. పాత సెన్సర్‌కి మల్టీమీటర్ పెట్టి చూస్తే, గది వేడికి సుమారు ఒకటిన్నర కిలో ఓమ్‌లు. కొనని మరిగే నీళ్ళలో ముంచగానే నంబర్ దిగుతూ దిగుతూ రెండు వందల ఓమ్‌ల దగ్గర ఆగింది. అంటే నేను పాడైందని తీసేసిన సెన్సర్ శుభ్రంగా పని చేస్తోంది.

అప్పుడు ఆ కోడ్ అర్థాన్ని మళ్ళీ, ఈసారి పూర్తిగా చదివా. సెన్సర్ పాడైందని అది ఎక్కడా చెప్పలేదు. సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఎక్కువగా ఉందని మాత్రమే చెప్పింది. కారు కంప్యూటర్ ఆ వైరులోకి 5 వోల్టులు పంపి, థర్మిస్టర్ ఎంత లాగుతుందో చూస్తుంది. వైరు మధ్యలో తెగితే 5 వోల్టులూ అలాగే ఉండిపోతాయి. కంప్యూటర్ దాన్ని విపరీతమైన చలి అనుకుంటుంది. మైనస్ 40 అక్కడ్నుంచి వచ్చింది. చలి అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. సిగ్నల్ మీద నమ్మకం లేక ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది. పాపం, దానికి తెలిసినంతలో అది సరిగ్గానే చేస్తోంది.

కనెక్టర్‌లో రెండు పిన్నుల్నీ చిన్న వైరు ముక్కతో కలిపి చూశా. వైరు బాగుంటే స్కానర్‌లో వేడి ఒక్కసారిగా పైకి ఎగరాలి. మైనస్ 40 కదల్లేదు. కనెక్టర్ వెనక రబ్బరు తొడుగు లాగితే కనిపించింది. లోపలంతా పచ్చగా చిలుము. ఒక వైరు పిన్ను దగ్గర తిని తిని తెగిపోయి ఉంది. రోజూ ఉప్పునీటి చెరువుల గట్ల మీద నిలబడే బండి, పైగా సముద్రపు గాలి. రాగి ఎంతకాలం ఆగుతుంది? వైరు కత్తిరించి, కొత్త కనెక్టర్ వేసి, గట్టిగా నొక్కి, టేపు చుట్టా. ఆన్ చేస్తే 38 డిగ్రీలు. లైట్ మళ్ళీ రాలేదు. తాత ఏమీ అనలేదు, మంచం మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.

మీరెవరైనా ప్రయత్నిస్తే ఒక్క జాగ్రత్త. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతా, ఈ సెన్సరూ ముట్టుకోకండి. లోపల కూలెంట్ ఒత్తిడి మీద ఉంటుంది, మొహం మీదకి చిమ్ముతుంది.

రెండేళ్ళు చాలన్న నాయుడు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ఫస్టియర్ ఫిజిక్స్‌లో థర్మిస్టర్ గురించి వినకపోయి ఉంటే, గిన్నెలో సెన్సర్ ముంచాలన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు. కానీ ఆ ఫిజిక్స్‌ని నేను రాసింది పరీక్షలో, మార్కుల కోసం. అది మా కారులో ఉందని తెలిసింది చేతికి గ్రీజు అంటాకే. చదువు నాలుగేళ్ళు ఉండాలా రెండేళ్ళా అన్నది కాదు నాకు మిగిలిన ప్రశ్న. ఈ నాలుగేళ్ళలో నేను ఎన్ని విప్పి చూశాను అన్నది. ఎర్రర్ మెసేజ్‌ని కాపీ చేసి ఎక్కడో పేస్ట్ చేసి, వచ్చిన జవాబుని అలాగే పెట్టేసే అలవాటు నా కోడింగ్‌లోనూ ఉంది. కారులో చేసిన తప్పు అదే తప్పు.

పాత సెన్సర్ ఇప్పుడు హాస్టల్లో నా టేబుల్ మీద ఉంది. ఎవరికైనా చూడాలనిపిస్తే రూమ్‌కి రండి. మల్టీమీటర్ ఉంది, కెటిల్ కూడా ఉంది. కెటిల్ సంగతి వార్డెన్ గారికి చెప్పకండి.